ఫైనల్లో ఆఖరి షాట్ ఎవరిదో తేల్చేది అవతలి జట్టే

మీ ప్రశ్న ఇది: కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో మీరు ఎనిమిదో ఆటగాడు. మ్యాచ్‌లో ఐదారు నిమిషాలు దొరికితే గొప్ప. కోచ్ మాత్రం "జట్టుకి నువ్వు చాలా ముఖ్యం" అంటున్నారు. అది ఓదార్పా, నిజమా? ఛాంపియన్‌షిప్ గెలిచే జట్లలో స్టార్లు కానివాళ్లు అసలు ఏం చేస్తారు?

నిజమే అంటాను. నేను కాలేజీలో ఆడాను, ఆ తర్వాత కొన్నేళ్లు ఒక క్లబ్ జట్టులో ఆడాను. రెండు చోట్లా బెంచ్ మీంచి లేచి వచ్చేవాణ్ణే. క్లబ్‌లో ఉండగా మా జట్టు లీగ్ టైటిల్ గెలిచింది. ఆ సీజన్ మొత్తంలో నేను వేసిన పాయింట్లు చూస్తే ఎవరికీ నా పేరు గుర్తుండదు. అయినా ఆ టైటిల్‌లో నా వాటా ఏమిటో నాకు స్పష్టంగా తెలుసు. దాని గురించే రాస్తున్నాను.

ముందు చిన్న లెక్క. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు. కోర్టులో ఐదుగురు కాబట్టి ఒక జట్టు పంచుకోవాల్సినవి 240 నిమిషాలు. ఇద్దరు సూపర్‌స్టార్లు చెరో 40 ఆడినా 160 మిగిలిపోతాయి. మీరు ఆడే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో మ్యాచ్ 40 నిమిషాలే, అంటే 200 నిమిషాల పంపకం. అక్కడా సగానికి పైగా మిగతావాళ్లవే. కానీ ఈ లెక్క చెప్పి ఊరుకుంటే మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ నిమిషాలు ఎవరో ఒకరు ఆడాలి కదా అనిపిస్తుంది, అంతే. అసలు సంగతి వేరే ఉంది.

మామూలు మ్యాచ్‌లో బంతి ఎవరి చేతికి వెళ్లాలో మనమే నిర్ణయించుకుంటాం. ఫైనల్ లాంటి మ్యాచ్‌లో, అదీ చివరి నిమిషాల్లో, ఆ నిర్ణయం చాలావరకు అవతలి జట్టుది. వాళ్లు మన ఆటను రోజుల తరబడి వీడియోలో చూసి వస్తారు. మన స్టార్ మీదికి ఇద్దర్ని పంపుతారు. ఇద్దరు ఒకడి మీదికి వెళ్తే మిగిలిన నలుగురిని ముగ్గురే కాయాలి. అంటే ఎవరో ఒకర్ని వదిలేయాలి. ఎవర్ని వదిలేయాలన్నది వాళ్లు ముందే రాసుకుని వస్తారు. ఆ వదిలేసినవాడు స్టార్ కాడు, ఎప్పటికీ కాడు. కాబట్టి టైటిల్ చాలాసార్లు ఆ వదిలేసినవాడి చేతిలో పడుతుంది. మన జట్టులో ఎవరు బలహీనుడని వాళ్లు అనుకుంటున్నారో, అతను సిద్ధంగా ఉన్నాడా లేడా అన్నదే అప్పుడు ప్రశ్న.

1993 ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్ చూడండి (ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టుదే సిరీస్). చికాగో బుల్స్ 96, ఫీనిక్స్ సన్స్ 98. నాలుగో క్వార్టర్‌లో బుల్స్ అప్పటిదాకా వేసిన 9 పాయింట్లూ వాళ్ల స్టార్ మైఖేల్ జోర్డానే వేశాడు. ఇక బంతి ఎవరిదో చూస్తున్నవాళ్లందరికీ తెలిసినట్టే అనిపించే పరిస్థితి. జోర్డాన్ బంతి తెచ్చి సహచరుడు పిపెన్‌కి ఇచ్చాడు, పిపెన్ లోపలికి దూసుకెళ్లి హోరేస్ గ్రాంట్‌కి ఇచ్చాడు. గ్రాంట్ రింగ్ దగ్గరే ఉన్నా షాట్ జోలికి పోకుండా బయటికి పాస్ ఇచ్చాడు. అక్కడ జాన్ పాక్సన్ ఖాళీగా నిలబడి ఉన్నాడు. 3.9 సెకన్లు మిగిలి ఉండగా త్రీ పాయింటర్ (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడింది, 99-98. ఆ తర్వాత ఫీనిక్స్ ఆటగాడు కెవిన్ జాన్సన్ వేసిన ఆఖరి షాట్‌ను బ్లాక్ చేసింది కూడా గ్రాంటే. వరుసగా మూడో టైటిల్, చివరి మూడు పాయింట్లు పాక్సన్‌వి, చివరి బ్లాక్ గ్రాంట్‌ది.

1997లో మళ్లీ ఆరో మ్యాచే, ఈసారి యూటా జాజ్ మీద. స్కోరు 86-86. టైమౌట్‌లో జోర్డాన్ తన సహచరుడు స్టీవ్ కర్‌కి ముందే చెప్పాడు, నిన్ను కాసే స్టాక్‌టన్ నిన్ను వదిలి నా మీదికి వస్తాడు, సిద్ధంగా ఉండు అని. సరిగ్గా అలాగే జరిగింది. ఇద్దరి మధ్య నుంచి జోర్డాన్ పాస్, ఫ్రీ త్రో గీత దగ్గర కర్ షాట్, 5 సెకన్లు మిగిలి ఉండగా 88-86.

ఈ రెండు షాట్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ షాట్ గురించే మాట్లాడతారు. నేను బెంచ్ ఆటగాణ్ణి కాబట్టి నాకు కనిపించేది దానికి ముందు జరిగింది. ఇద్దరూ ఉండాల్సిన చోటే ఉన్నారు. బంతి కోసం అరుస్తూ స్టార్ దగ్గరికి పరిగెత్తలేదు. అలా దగ్గరికి వెళ్తే తనని కాసేవాణ్ణి కూడా వెంట తీసుకెళ్లినట్టే, స్టార్‌కి ఉన్న కాస్త చోటూ మూసుకుపోతుంది. బంతి చేతిలో లేనప్పుడు దూరంగా, సరైన చోట నిలబడటం కూడా ఆటే. పది పొసెషన్లలో (బంతి మన జట్టు చేతిలో ఉండే వంతుల్లో) తొమ్మిదిసార్లు బంతి మీ దాకా రాదు. పదోసారి వచ్చినప్పుడు మోకాళ్లు వంచి, చేతులు సిద్ధంగా పెట్టుకుని ఉండాలి. చెప్పడం తేలిక గానీ చాలా అలుపొచ్చే పని ఇది. ఒంటికి కాదు, మనసుకి.

వదిలేసినవాడు షాట్ వేయలేకపోతే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 2015 ప్లేఆఫ్స్ (రెగ్యులర్ సీజన్ అయ్యాక టైటిల్ కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లు) రెండో రౌండ్‌లో మెంఫిస్ గ్రిజ్లీస్ 2-1తో గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద ముందుంది. మెంఫిస్ ఆటగాడు టోనీ అలెన్ ఆ కాలంలో లీగ్‌లోని మేటి డిఫెండర్లలో ఒకడు, వారియర్స్ షూటర్లకి చుక్కలు చూపిస్తున్నాడు. నాలుగో మ్యాచ్‌లో వారియర్స్ తమ సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడగరి) ఆండ్రూ బోగట్‌ను పేరుకి అతని మీద పెట్టారు. పేరుకే. బోగట్ అలెన్‌ని పట్టించుకోకుండా రింగ్ దగ్గరే నిలబడ్డాడు. నీకు ఇష్టమైతే వేసుకో అన్నట్టు. దాంతో లోపల ఆడే గసోల్‌కీ రాండాల్ఫ్‌కీ చోటు లేకుండా పోయింది. వారియర్స్ వరుసగా మూడు గెలిచి ముందుకెళ్లారు. ఆ ఉపాయం వేసిన జట్టు కోచ్ ఎవరనుకున్నారు? 1997లో అవతలివాళ్లు వదిలేసిన అదే స్టీవ్ కర్.

అదే ఏడాది ఫైనల్స్‌లో కథ తిరగబడింది. వారియర్స్ ఆటగాడు ఆండ్రీ ఇగోడాలా అంతకుముందు తన కెరీర్ అంతా స్టార్టరే, అంటే మొదటి ఐదుగురిలో ఒకడు. ఆ సీజన్‌లో మాత్రం రెగ్యులర్ సీజన్ మొత్తం బెంచ్ నుంచే వచ్చాడు, ఒక్క మ్యాచ్ కూడా స్టార్ట్ చేయలేదు. ప్రత్యర్థి క్లీవ్‌లాండ్ 2-1తో ముందున్నప్పుడు నాలుగో మ్యాచ్‌కి బోగట్‌ని పక్కన పెట్టి ఇగోడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. అతను ఒకపక్క క్లీవ్‌లాండ్ స్టార్ లెబ్రాన్ జేమ్స్‌ని కాస్తున్నాడు. మరోపక్క క్లీవ్‌లాండ్ వారియర్స్ స్టార్ కర్రీ మీదికి ఇద్దర్ని పంపుతూ, ఇగోడాలా వేస్తే వేయనీ అని అతన్ని ఖాళీగా వదిలేసింది. అతను వేశాడు. నాలుగో మ్యాచ్‌లో 22 పాయింట్లు, టైటిల్ గెలిచిన ఆరో మ్యాచ్‌లో 25. ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) అతనికే వచ్చింది. సిరీస్‌లో అన్ని మ్యాచ్‌లూ స్టార్ట్ చేయకుండా ఆ అవార్డు అందుకున్న మొదటి ఆటగాడు అతనే. మీరు బెంచ్ మీద కూర్చుని బాధపడే రోజు ఈ మనిషి గుర్తుకు రావాలని నా కోరిక. ఆ సీజన్ అంతా అతను ముఖం మాడ్చుకుని గడిపి ఉంటే నాలుగో మ్యాచ్‌కి పనికొచ్చేవాడా?

సిద్ధంగా ఉండటం అంటే ఏమిటో ఇప్పుడు నా అనుభవం నుంచి చెప్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ వివరంగా చెప్పరు. స్టార్టర్‌కి వార్మప్ అయిన వెంటనే ఆట మొదలవుతుంది, ఒళ్లు వేడిగా ఉంటుంది. మనకి అలా కాదు. అరగంటో ముప్పావుగంటో కూర్చున్నాక ఒక్కసారిగా పిలుపు వస్తుంది. కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, చేతులు చల్లగా ఉంటాయి, టెన్షన్ సరేసరి. మరి మనం ప్రాక్టీస్‌లో చేసేది ఏమిటి? వరసగా వంద షాట్లు వేస్తాం. మొదటి ఇరవై పోయినా తర్వాతవి పడతాయి, సంతోషంగా ఇంటికెళ్తాం. మ్యాచ్‌లో మనకి ఆ మొదటి ఇరవై ఎవరూ ఇవ్వరు. మొదటి షాటే చివరి షాట్ కావచ్చు. ఈ సంగతి అర్థమయ్యాక ప్రాక్టీస్ మార్చుకున్నాను. పదిహేను నిమిషాలు ఊరికే కూర్చునేవాణ్ణి, లేచి కార్నర్‌కి పరిగెత్తి ఒకే ఒక్క షాట్ వేసేవాణ్ణి, పడినా పడకపోయినా మళ్లీ వెళ్లి కూర్చునేవాణ్ణి. చూసేవాళ్లకి వింతగా ఉండేది. కానీ బెంచ్ ఆటగాడికి కావాల్సిన సాధన అదే అని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

బెంచ్ మీద కూర్చున్నప్పుడు కూడా చేతినిండా పని ఉంటుంది. నేను వెళ్తే ఎవర్ని కాయాలో వాడినే చూస్తూ ఉండేవాణ్ణి. ఏ చేత్తో డ్రిబుల్ చేస్తున్నాడు, స్క్రీన్ (కాసేవాడికి అడ్డంగా నిలబడే సహచరుడు) దాటాక ఏ వైపు తిరుగుతున్నాడు, అలసిపోయినప్పుడు షాట్ పొట్టిగా పడుతోందా, ఇవన్నీ. బంతి వెంట కళ్లు పోతే మనమూ ప్రేక్షకులమే. లోపలికి వెళ్లాక మొదటి పొసెషన్‌లోనే షాట్ కోసం చూడకుండా ముందు డిఫెన్స్‌లో ఒక మంచి పని చేయాలని నియమం పెట్టుకున్నాను. ఒక బాక్స్ అవుట్ (తప్పిన షాట్ బంతి ప్రత్యర్థికి దక్కకుండా వీపుతో అడ్డుకోవడం), ఒక గట్టి స్క్రీన్, ఏదైనా సరే. అది అయ్యేసరికి ఊపిరి కుదుటపడేది.

షేన్ బాటియే గురించి చదివినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. 2013 ప్లేఆఫ్స్‌లో అతని షాట్లు పడలేదు, ఆడే నిమిషాలు బాగా తగ్గిపోయాయి. అయినా ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో, మయామీ హీట్‌కి అన్నిటికన్నా ముఖ్యమైన రోజున, 8 త్రీలు ప్రయత్నిస్తే 6 బాస్కెట్‌లో పడ్డాయి. 18 పాయింట్లు. అదే మ్యాచ్‌లో వాళ్ల ముగ్గురు స్టార్లలో ఒకడైన క్రిస్ బాష్‌కి ఒక్క పాయింట్ కూడా రాలేదు. మయామీ 95-88తో గెలిచింది. అంతకుముందు ఆరో మ్యాచ్‌లో మాత్రం మయామీని నిలబెట్టినవాళ్లలో బాష్ ఒకడు. అప్పుడు మయామీలోనే ఉన్న లెబ్రాన్ త్రీ తప్పితే రీబౌండ్ పట్టి, కార్నర్‌లోకి వెనక్కి అడుగులేసిన రే అలెన్‌కి అందించాడు. 5.2 సెకన్లు ఉండగా స్కోరు సమం అయింది. అప్పటికి లీగ్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ త్రీలు వేసిన అలెన్ ఆ జట్టులో బెంచ్ నుంచి వచ్చేవాడు. ఓవర్‌టైమ్ చివర్లో ప్రత్యర్థి శాన్ ఆంటోనియో ఆటగాడు డానీ గ్రీన్ షాట్‌ను బ్లాక్ చేసింది కూడా బాషే. స్టార్ అయినా సరే, ఆ రెండు రోజులూ అతను చేసింది సహాయ ఆటగాడి పనే. అందుకే ఇది ఆటగాడి స్థాయికి సంబంధించిన విషయం కాదనిపిస్తుంది నాకు. ఆ రోజు జట్టుకి ఏది తక్కువైతే అది చేయడం.

స్కోరు షీట్‌లో చోటు దొరకని పనుల గురించి రెండు మాటలు. 2016 ఫైనల్స్‌లో మళ్లీ క్లీవ్‌లాండ్, వారియర్స్; ఏడో మ్యాచ్‌లో లెబ్రాన్ వెనక నుంచి పరిగెత్తుకొచ్చి ఇగోడాలా లేఅప్‌ని (రింగ్ దగ్గరి షాట్‌ని) బ్లాక్ చేశాడు, అందరూ చూసే ఉంటారు. స్కోరు 89-89, రెండు నిమిషాలు కూడా లేవు. ఆ వీడియో మళ్లీ పెట్టి లెబ్రాన్‌ని వదిలేసి అతని సహచరుడు జె.ఆర్. స్మిత్‌ని చూడండి. రింగ్ దగ్గర అతనే ముందు ఎగిరాడు. అతన్ని తప్పించుకోవడానికి ఇగోడాలా గాల్లోనే బంతిని సర్దుకోవాల్సి వచ్చింది. లెబ్రాన్‌కి కావాల్సిన ఆ కాస్త సమయం అక్కడే దొరికింది. బ్లాక్ లెబ్రాన్ ఖాతాలో, స్మిత్ ఖాతాలో ఆ క్షణానికి ఏమీ లేదు. తర్వాత క్లీవ్‌లాండ్ ఆటగాడు కైరీ ఇర్వింగ్ త్రీ వేశాక, కర్రీ షాట్ కోసం ప్రయత్నిస్తుంటే అదే క్లీవ్‌లాండ్ జట్టు కెవిన్ లవ్ ఎదురుగా నిలబడి కదలనివ్వలేదు. డిఫెన్స్‌కి పెద్దగా పేరులేని మనిషి. ఆ ఒక్క పొసెషన్ వల్ల నాకు అతనంటే ఎంతో గౌరవం.

బాక్స్ అవుట్ కూడా అలాంటిదే. నేను పొడగరిని కాను. అవతలి సెంటర్‌ని వీపుతో ఆపి ఉంచితే రీబౌండ్ మా పొడగరి పట్టేవాడు. షీట్‌లో అతని పేరు పక్కనే గీత పడేది. మ్యాచ్ అయ్యాక అతను వచ్చి భుజం తట్టేవాడు, మాకు మాత్రం ఆ లెక్క తెలుసు. ఛార్జ్ తీసుకోవడం (దూసుకొచ్చేవాడికి ఎదురు నిలబడి ఢీ తిని ఫౌల్ రాబట్టడం), వెనక నుంచి వచ్చే స్క్రీన్‌ని అరిచి చెప్పడం, స్టార్‌కి ఫౌల్స్ పెరుగుతుంటే అవతలి జట్టు బలమైన ఆటగాణ్ణి మనం కాయడం, ఇవన్నీ ఆ కోవలోవే. ఫిబాలో ఐదు ఫౌల్స్‌కే బయటికి పోవాలి కాబట్టి ఈ చివరిది మీ స్థాయిలో ఇంకా ముఖ్యం. పోయిన ఏడాదుల్లో నాకు బాగా నచ్చిన ఉదాహరణ అలెక్స్ కరూసో. డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో) ఏ జట్టూ ఎంచుకోని ఆటగాడు. 2025లో ఓక్లహోమా సిటీ డెన్వర్‌తో ఆడిన ఏడో మ్యాచ్‌లో, 6 అడుగుల 5 అంగుళాల ఈ గార్డ్ (బయటి నుంచి బంతి నడిపే ఆటగాడు) 6 అడుగుల 11 అంగుళాల డెన్వర్ స్టార్ యోకిచ్‌ని చాలాసేపు కాశాడు. ముందుకొచ్చి నిలబడి బంతే అందనివ్వకుండా చేశాడు. ఓక్లహోమా ఆ ఏడాది టైటిల్ గెలిచింది.

ఇక బయటివాళ్లకి అస్సలు కనిపించనిది ప్రాక్టీస్. మా క్లబ్ టైటిల్‌లో నా అసలు వాటా ఇదే. సెమీఫైనల్ ముందు కోచ్ నాకు ఒక పని అప్పగించారు: అవతలి జట్టు గార్డ్ లాగా ఆడటం. అతను స్క్రీన్ దాటగానే దాదాపు ప్రతిసారీ ఎడమవైపే వెళ్లి, రెండు డ్రిబుల్స్ వేసి ఆగి షాట్ వేసేవాడు. నా సొంత ఆట పక్కనపెట్టి ఆ వారం అంతా అతనిలా ఆడాను. అతని వీడియోలు చూసి ఆగే పద్ధతి, భుజం కదిపే పద్ధతి కూడా పట్టుకున్నాను. మా స్టార్టింగ్ గార్డ్‌కి మొదట్లో నన్ను ఆపడం కుదరలేదు. వారం చివరికి నేను కదలకముందే ఎడమవైపు దారి మూసేస్తున్నాడు. మ్యాచ్ రోజు నేను కాసేపే ఆడాను. మిగతా సమయమంతా బెంచ్ మీద కూర్చుని, ఆ గార్డ్ ఎడమకి వెళ్లబోయి దారిలేక కుడివైపు తిరగడం చూశాను. ప్రతిసారీ నా గుండె నిండిపోయింది. అంత తృప్తి నేను వేసిన ఏ బాస్కెట్‌లోనూ నాకు దొరకలేదు.

అలాగని స్టార్లు లేకపోయినా పర్వాలేదని నేను అనను. పాక్సన్ ఖాళీగా ఉన్నది జోర్డాన్, పిపెన్ ఉన్నారు కాబట్టే. స్టార్ భయం పెట్టకపోతే అవతలివాళ్లు ఎవర్నీ వదలరు. 2004లో డెట్రాయిట్ పిస్టన్స్, సూపర్‌స్టార్లు షాక్, కోబీ ఉన్న లేకర్స్‌ని 4-1తో ఓడించింది గానీ అలాంటివి అరుదు. 2014 శాన్ ఆంటోనియో స్పర్స్ మాత్రం నా మనసుకి దగ్గరి జట్టు. రెగ్యులర్ సీజన్‌లో ఏ ఒక్కరూ సగటున మ్యాచ్‌కి 30 నిమిషాలు ఆడలేదు. ఫైనల్స్‌లో మయామీని 4-1తో ఓడించారు. భారం అందరి మీదా సమానంగా పడితే ఆట ఎంత అందంగా ఉంటుందో చూడాలంటే ఆ సిరీస్ చూడండి.

మీ కోచ్ మాటని ఎలా పరీక్షించాలో కూడా చెప్తాను, ఎందుకంటే కొందరు కోచ్‌లు అందరితోనూ అదే మాట అంటారు. వెళ్లి నేరుగా అడగండి: వచ్చే మ్యాచ్‌లో నేను లోపలికి వస్తే ఎవర్ని కాయాలి, ఆఫెన్స్‌లో ఎక్కడ నిలబడాలి, ఏ పరిస్థితిలో నన్ను పిలుస్తారు? మిమ్మల్ని నిజంగా ఆటలో లెక్కేసుకున్న కోచ్ తడుముకోకుండా జవాబిస్తారు. వాళ్ల గార్డ్ ప్రెస్ చేస్తే (కోర్టంతా వెంటపడి కాస్తే) నిన్ను దింపుతాను, మన సెంటర్‌కి మూడో ఫౌల్ పడితే నిన్ను దింపుతాను, ఇలా. జవాబు లేకపోతే ఈ మూడు ప్రశ్నలకీ మీరే జవాబులు తయారుచేసుకుని ఆయన ముందు పెట్టండి. ప్రాక్టీస్‌లో అవతలి జట్టు ఆటగాడిలా ఆడే పని ఎవరికీ ఇవ్వకపోతే అదీ మీరే అడిగి తీసుకోండి. ఆ పని చేసినవాడికి ప్రత్యర్థి గురించి స్టార్టర్ల కన్నా ఎక్కువ తెలుస్తుంది, చివరి క్వార్టర్‌లో కోచ్ బెంచ్ వైపు తిరిగినప్పుడు ముందుగా చూసేది అతన్నే.